గమ్ఛా దించని గంట

మా ఇంట్లో ఒక కథ ఉంది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఈ ఉక్కు ఊళ్ళోనే సిద్ధగోరా పేటలో ఉన్న మా చుట్టాల ఇంటికి వెళ్ళినప్పుడల్లా మా ఆవిడ దాన్ని చెబుతుంది. పదేళ్ళుగా చెబుతోంది, ఒక్క ముక్క పొల్లుపోదు. మా చిన్నది ఆరేళ్ళప్పుడు ఆడుకుంటూ పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. నేను రాత్రి షిఫ్టు చేసొచ్చి లోపలి గదిలో పడుకొని ఉన్నాను. నాన్న నిద్ర చెడిపోతుందని పిల్లలిద్దరూ గంటసేపు నోరెత్తకుండా కూర్చున్నారు. ఇదీ కథ.

"సెయ్యిరిగిపోయినా కిక్కురుమన్లేదమ్మా నా పిల్లలు" అని ముగిస్తుంది. వినేవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. బంగారు తల్లులంటారు. ఈ కాలంలో అలాంటి పిల్లలెక్కడ దొరుకుతారమ్మా అంటారు. ఆ మాట వచ్చే సమయానికి నేను సాధారణంగా అక్కడ ఉండను. చెయ్యి కడుక్కోవడానికో, స్కూటర్ సరిగ్గా పెట్టానో లేదో చూడటానికో లేచిపోతాను.

ఎందుకంటే ఆ కథలో ఒక అబద్ధం ఉంది. మా ఆవిడకి అది అబద్ధమని తెలీదు. నేను ఆ గంట నిద్రపోలేదు. మెలకువగా ఉన్నాను. ఈ సంగతి చెప్పవలసిన మనిషి ఒక్కతే, మా పెద్దది. చెప్పడానికి నాకు పదేళ్ళు పట్టింది.

గమ్ఛా గురించి ముందు చెప్పాలి. ఎర్ర గళ్ళ తువ్వాలు, ఈ హిందీ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ నాలుగైదు ఉంటాయి. మా నాన్న గోల్‌మురిలో ఇనుప కార్ఖానాలో పనిచేసేటప్పుడు సైకిల్ మీద వెళ్ళొచ్చేవాడు. రాత్రి పదింటికి ఎక్కి పొద్దున్న ఆరింటికి దిగే సి షిఫ్టు ఉన్న వారమంతా మా అమ్మ గేటు మీద గమ్ఛా ఆరేసేది. ఆరేసేది అంటున్నాను గానీ అది తడిగా ఉండేది కాదు. లోపల మనిషి పడుకున్నాడని గుర్తు. కూరగాయలవాడు అది చూసి అరవకుండా మా ఇల్లు దాటిపోయి, పక్కింటి ముందు నిలబడి గొంతు విప్పేవాడు. కత్తులు సానపట్టేవాడు చక్రం భుజాన వేసుకొని నడిచిపోయేవాడు. మా వీధిలో ఏ గేటు మీద గమ్ఛా ఉందో చూసుకుంటే ఎవరికి ఏ షిఫ్టో చెప్పెయ్యొచ్చు.

ఆ గమ్ఛా అంటే నాకు పరమ అసహ్యం. గోళీ కిందపడితే తప్పు. దగ్గు వస్తే దొడ్లోకి వెళ్ళి దగ్గాలి. ఓసారి నేను ఖాళీ డబ్బాని ఫుట్‌బాల్ చేసి తన్నితే మా నాన్న లేచి వచ్చాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఎర్రటి కళ్ళతో వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు, మళ్ళీ పడుకోలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు మా అమ్మ నన్ను పక్కకి పిలిచి, "పదారు గంటలూ ఇనపగోల సెవుల్లో పెట్టుకొచ్చినోడురా, మన గోల కూడా ఎక్కడ పెట్టుకుంతాడు" అంది. షిఫ్టు ఎనిమిది గంటలే. మా అమ్మ లెక్కలో ఇంటికి వచ్చాక కూడా ఆ చప్పుడు ఇంకో ఎనిమిది గంటలు ఉండేదన్నమాట. నేను పెద్దయ్యాక నా ఇంట్లో గమ్ఛా వేలాడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

చేతిలో ఉద్యోగం లేనివాడి ఒట్టు అది. నాకు మిల్లులో పని దొరికింది, అగ్రికోలో కంపెనీ క్వార్టర్ వచ్చింది, పెళ్ళయింది, మా పెద్దది పుట్టింది. అది పాకడం నేర్చిన నెలలోనే నేను గమ్ఛా అడిగాను. మా ఆవిడ ఇచ్ఛాపురం దగ్గరి పల్లెలో పుట్టిన మనిషి, ఆమెకి ఇదంతా వింత. "పడుకుంతే పడుకో, తలుపుకి జెండా ఏటి?" అంది. అప్పటికి వీధి కూడా మారిపోయింది. కూరగాయల బండికి మైకు వచ్చింది. అందులో రికార్డు చేసిన గొంతు ఆలుగడ్డ, టమాటా అని వాగుతూనే ఉంటుంది, దానికి కళ్ళుండవు. అందుకని మా ఇంట్లో గమ్ఛా గేటు మీద కాకుండా లోపలి గది తలుపు గొళ్ళేనికి వేలాడింది. అంటే బయటివాళ్ళకి కాదు, కేవలం ఇంట్లోవాళ్ళకి. పిల్లలకి.

నియమం నేనే పెట్టాను. నేను పడుకునేముందు నా చేత్తో తగిలిస్తాను, లేచాక నా చేత్తో తీస్తాను. మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అది ఉన్నంతసేపు చప్పుడు ఉండకూడదు.

మా పిల్లలు దాన్ని పాటించిన తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకూ వేసేది. ఎండాకాలం వచ్చిందంటే బళ్ళు పొద్దున్నే పెట్టి పదకొండున్నరకల్లా ఇంటికి పంపించేస్తారు. నేను ఆరూముప్పావుకి క్యారేజీ పట్టుకొని ఇల్లు చేరేసరికి వాళ్ళిద్దరూ యూనిఫాంలో గేటు దగ్గర నాకు ఎదురయ్యేవాళ్ళు. వాళ్ళు బయటికి, నేను లోపలికి. పెద్దది మూడు, చిన్నది ఒకటో తరగతి. వాళ్ళు తిరిగొచ్చేసరికి గొళ్ళేనికి గమ్ఛా ఉండేది. వీధిలోంచి హిందీలో గొడవపడుతూ వచ్చేవాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పగానే నోళ్ళు కూడా అక్కడే విప్పి పెట్టేసేవాళ్ళు.

ఆడకుండా ఉంటారా? వరండాలో సిమెంటు గచ్చు మీద ఇటికముక్కతో గళ్ళు గీసి కిత్‌కిత్ ఆడేవాళ్ళు. మన తొక్కుడుబిళ్ళే, ఇక్కడి పద్ధతి వేరు. కుంటుతున్నంతసేపూ ఊపిరి తీయకుండా "కిత్ కిత్ కిత్" అనాలి, మధ్యలో గొంతు తెగితే అవుట్. చప్పుడు లేకపోతే ఆ ఆటే లేదు. మా వాళ్ళు దానికో దారి కనిపెట్టారు. కుంటేది పెదాలు మాత్రం ఆడిస్తుంది. రెండోది పక్కనే తనూ కుంటుతూ దాని ముక్కు కింద వేలు పెట్టి, ఊపిరి తీసిందో లేదో చూస్తుంది. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు గూంగీ కిత్‌కిత్. మూగ కిత్‌కిత్ అన్నమాట. ఇందులో తగాదాలు కూడా మూగవే. జుట్లు పట్టుకొని, నోళ్ళు బార్లా తెరిచి, టీవీకి గొంతు తీసేసినట్టు కొట్టుకునేవాళ్ళు. మా ఆవిడ వంటింట్లోంచి అది చూసి కొంగు నోట్లో కుక్కుకొని నవ్వేదట.

అసలు సంబరం గమ్ఛా దిగాక ఉండేది. నేను తలుపు తీసి దాన్ని భుజాన వేసుకోగానే ఇద్దరూ ఒక్కసారి కేక పెట్టేవాళ్ళు. పొద్దుటినుంచీ దాచుకున్న కేక. ఆ తర్వాత నేను కూడా వరండాలోకి వెళ్ళి కిత్‌కిత్ ఆడాలి. నా పొట్టకి, నా మోకాళ్ళకి అది పడే ఆట కాదు. మూడో గడిలోనే ఊపిరి తెగేది, గీత మీద కాలేసేవాణ్ణి. చిన్నది నా ముక్కు కింద వేలు పెట్టి తీర్పు చెప్పేది. అన్నం తినేలోపు ఒక గంట, అది వాళ్ళది. వారంలో మిగతా రోజులు నేను ఎలా ఉన్నా సి షిఫ్టు వారంలో ఆ గంట మాత్రం వాళ్ళకి ఇచ్చినట్టే లెక్క. "నాన" అని తెలుగులో పిలిచేది కూడా అప్పుడే. మిగతా వేళల్లో అందరి పిల్లల్లాగే "పాపా".

ఆ గంటలోంచే నేను దొంగతనం చేశాను.

మొదట ఐదు నిమిషాలు. మెలకువ వచ్చేది, గది చీకటిగా ఉండేది, కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టుకొనేవాణ్ణి. లేవబుద్ధి కాక ఫోన్ తీసి చూసేవాణ్ణి. చెవుల్లో మిల్లు తగ్గి, ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అడగని సమయం అదొక్కటే. ఎవరో చేపలు వేయిస్తుంటే చూడటం, ఎప్పుడో అయిపోయిన మ్యాచిలో చివరి ఓవర్ చూడటం. ఐదు పది అయింది, పది అరగంట అయింది. వరండాలో పిల్లల పాదాలు టప్ టప్‌మని వినబడుతూనే ఉండేవి. వాళ్ళు ఎదురుచూస్తున్నారని తెలుసు. అడిగేవాళ్ళు లేరు కదా. గొళ్ళేనికి గమ్ఛా ఉంటే నాన్న నిద్రపోతున్నట్టే. దొంగనిద్ర అనే మాట ఉంది మనకి. నేను దానికి తువ్వాలు కూడా కట్టాను.

ఆ రోజు మా ఆవిడ ఆవకాయ కాయలు కొట్టించుకురావడానికి గోల్‌మురి బజారుకి వెళ్ళింది. బజారులో పెద్ద కత్తిపీట ముందు వరసలో నిలబడి టెంకతో సహా ముక్కలు కొట్టించుకోవాలి, సీజనులో గంటా గంటన్నర పట్టే పని. పిల్లలకి అన్నం పెట్టి, పెద్దదానికి చెల్లిని అప్పజెప్పి వెళ్ళింది. పెద్దదానికి తొమ్మిదేళ్ళు.

నాకు ఒంటిగంటకి మెలకువ వచ్చింది. ఫోన్ తీశాను. పాదాల చప్పుడు మామూలుగానే ఉంది. కాసేపటికి ధబ్‌మని ఏదో పడింది.

నేను విన్నాను. ఈ ముక్క రాయడానికే ఇంతసేపు చుట్టూ తిరుగుతున్నాను. స్టూలు పడిందేమో అనుకున్నాను. తర్వాత ఏడుపు వస్తుందేమోనని ఫోన్ పక్కకి పెట్టి రెండు క్షణాలు చూశాను. ఏడుపు రాలేదు. పాదాల చప్పుడు కూడా ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం అయిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే ఆ మాటే అనుకున్నాను, మళ్ళీ ఫోన్ తీశాను. దాంట్లో ఎవడో కోతి చేత టోపీ పెట్టిస్తున్నాడు, చూసి నవ్వుకున్నాను కూడా.

రెండు దాటాక గేటు దగ్గర మా ఆవిడ గొంతు, రిక్షావాడితో ఏదో అంటోంది. గబగబా ఫోన్ తలగడ కిందకి తోసి, అప్పుడే నిద్రలేచినట్టు జుట్టు చెరుపుకొని, తలుపు తీసి గమ్ఛా అందుకున్నాను.

చిన్నది వరండా గోడకి ఆనుకొని కూర్చుని ఉంది. గౌను అంచు పళ్ళ మధ్య బిగించి పట్టుకుంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర అటు తిరగకూడని వైపు తిరిగి ఉంది, దాన్ని పెద్దది తన స్కూలు టైతో మెడకి కట్టింది. గ్లాసులో ఐసు కరిగి నీళ్ళయింది. పెద్దది దాని పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు కింద వేలు పెట్టి చూస్తోంది. చెల్లెలు ఊపిరి తీస్తోందో లేదో అని. ఆటలో నేర్చుకున్న పనే.

చిన్నది తల తిప్పి నా వైపు చూసింది. ముఖం వైపు కాదు, నా చేతిలో ఉన్న గమ్ఛా వైపు. గౌను అంచు వదిలేసి నోరు తెరిచింది. ఆ ఏడుపు నేను ఇంతవరకు మళ్ళీ వినలేదు, విననక్కర్లేదు కూడా.

మా ఆవిడ మామిడి ముక్కల సంచి గుమ్మంలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఎప్పుడు పడిందే అని పెద్దదాన్ని అడిగింది. మమ్మీ నువ్వు వెళ్ళాక కొంచెం సేపటికి అంది పెద్దది. గంటైందన్నమాట. మా ఆవిడ నా వైపు తిరిగింది. అప్పుడు నేను పెద్దదాని చెంప మీద కొట్టాను.

"ఎందుకు లేపలేదు నన్ను?" అన్నాను. గట్టిగా అరిచాను.

కోపంతో కొట్టానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కంగారులో చెయ్యి జారిందని కూడా చెప్పుకున్నాను. అదేం కాదు. భార్య ముందు నేను నిద్రపోయిన మనిషిలా కనబడాలి, అందుకు ఎవరినో ఒకర్ని తప్పుపట్టాలి. తొమ్మిదేళ్ళ పిల్ల దొరికింది. అది ఏడవలేదు. చెంప పట్టుకొని గమ్ఛా వైపు చూసింది, తర్వాత నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. భయపడిందనుకున్నాను.

చిన్నదాన్ని మా ఆవిడ ఒళ్ళో పెట్టుకొని స్కూటర్ వెనక కూర్చుంది. పెద్దదాన్ని తలుపు వేసుకొని ఇంట్లో ఉండమన్నాం. పక్కింటావిడకి చెప్పి వెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రే చూసి, పడ్డప్పుడే ఎముక విరిగింది, ఈ గంట ఆలస్యం వల్ల కొత్తగా వచ్చిన నష్టమేమీ లేదు అన్నాడు. ఆ మాట పట్టుకొని నేను కొన్నేళ్ళు బతికాను. ఎముకకి నష్టం లేదు, నిజమే. ఆ చెయ్యి చాపితే ఇప్పటికీ మోచెయ్యి దగ్గర కొంచెం వంకర కనబడుతుంది, అంతే. నష్టం ఎక్కడ జరిగిందో ఆ డాక్టరుకి ఏం తెలుస్తుంది?

మామిడి ముక్కలు రెండ్రోజులు సంచిలోనే ఉండిపోయాయి. తర్వాత మా ఆవిడ ఏదో కలిపింది గానీ ఆ ఏడు ఆవకాయ బూజు పట్టింది.

నేను గొళ్ళేనికి మళ్ళీ గమ్ఛా తగిలించలేదు. మా ఆవిడ దాన్ని గచ్చు తుడిచే గుడ్డ చేద్దామంటే వద్దని మడిచి బీరువాలో పెట్టాను. అల్లరి చెయ్యండి, అరవండి, నాకేం ఫరవాలేదు అని పిల్లలకి వందసార్లు చెప్పాను. సి షిఫ్టు వారంలో కావాలని తలుపు బార్లా తీసి పడుకునేవాణ్ణి. వాళ్ళు ఆ తలుపు ముందునుంచి మునివేళ్ళ మీద నడిచేవాళ్ళు. చిన్నదాని కట్టు విప్పాక కూడా కిత్‌కిత్ వరండాలో ఆడలేదు, వీధి చివర ఎవరింటి ముందో ఆడుకొని వచ్చేవాళ్ళు. ఒక మధ్యాహ్నం నేనే ఇటికముక్క తీసుకొని గళ్ళు గీశాను. గీసి పిలిచాను. వచ్చారు, ఆడారు, నేను గీత తొక్కితే చిన్నది నవ్వింది. ఐదు నిమిషాలకి పెద్దది హోంవర్కుందని లేచిపోయింది. బతిమాలితే వచ్చే ఆట కాదది.

ఆపైన మా ఆవిడ కథ మొదలుపెట్టింది. ఆ కథలో పెద్దదాని చెంపదెబ్బ ఉండదు, మా ఆవిడ దాన్ని వదిలేస్తుంది. నా పరువు కోసమే వదిలేస్తుందని నాకు తెలుసు. వినేవాళ్ళు పెద్దదాని బుగ్గ గిల్లి మెచ్చుకుంటే అది ఒక నవ్వు నవ్వి ఊరుకుంటుంది. లేచిపోవడం కుదరక ఆ నవ్వు చూసినప్పుడల్లా ఇవాళ చెప్పెయ్యాలి అనుకునేవాణ్ణి. చిన్నపిల్ల, దానికేం అర్థమవుతుందని ఒక ఏడు. టెన్త్ పరీక్షలని ఒక ఏడు. ఇప్పుడు కెలకడమెందుకని ఇంకో ఏడు. తనవల్లే చెల్లెలు గంటసేపు నరకం పడిందని ఆ పిల్ల నమ్ముతోందేమోనని, ఆ బరువు నేను మోయించానని, అది తలుచుకుంటే మిల్లులో ఉన్నా అన్నం సహించేది కాదు. అయినా చెప్పలేదు. మా అమ్మ అనేది, నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమని. నలుగురూ అనే మాటే. నా గురించి అన్నట్టు నాకు మాత్రమే వినిపించేది.

ఒంట్లో బాగుండక పోయినేడాది నన్ను జనరల్ షిఫ్టుకి మార్చారు. ఇప్పుడు అందరిలాగా పగలు పని, రాత్రి నిద్ర. ఈ వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం పెందరాళే ఇంటికొచ్చాను. పిల్లల గది తలుపు గొళ్ళేనికి ఎర్ర గమ్ఛా వేలాడుతోంది.

బీరువాలో బట్టలు సర్దుతూ మా ఆవిడ తీసి బయట పెట్టిందట. పెద్దది పరీక్షలకి రాత్రంతా చదివి పగలు పడుకుంటోంది, సరదాకి తగిలించింది. మా ఆవిడ ఇంట్లో లేదు, చిన్నది ట్యూషన్‌కి వెళ్ళింది. నేను చెప్పులు చేత్తో పట్టుకొని, కుర్చీ జరిపితే చప్పుడవుతుందని వరండా గచ్చు మీదే కూర్చున్నాను. దాహం వేసినా లేవలేదు. పంపు తిప్పితే శబ్దం. పందొమ్మిదేళ్ళ కూతురి నిద్ర కోసం గంటన్నర అలా కూర్చున్నాను. పిల్లలు ఎలా కూర్చునేవాళ్ళో ఆ గచ్చు మీద తెలిసింది.

నాలుగింటికి తలుపు తీసి వచ్చింది. గమ్ఛా తీసి భుజాన వేసుకుంది. నన్ను చూసి ఉలిక్కిపడి, ఎప్పుడొచ్చారని హిందీలో అడిగింది. దాని బుగ్గ మీద తలగడ ముడత లేదు, కళ్ళలో నిద్ర లేదు. చెవిలోంచి తీసిన ఇయర్‌ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. అద్దంలో చూసుకున్న ముఖమే అది.

ఎప్పుడు లేచావని అడిగాను. తప్పుచేసినట్టు నవ్వి, మూడింటికే లేచాను, ఊరికే పడుకున్నాను అంది. కోపం రాలేదు. వచ్చే ముఖం నాకెక్కడిది? ఇంకో ఏడు ఆగితే ఇంకో కారణం దొరుకుతుందని భయం వేసింది. కూర్చోమన్నాను. చెప్పాను. ఒంటిగంటకే లేచానని చెప్పాను. ధబ్‌మనడం విన్నానని చెప్పాను. తలగడ కింద ఫోన్ దాచానని, మీ అమ్మ ముందు నిలబడలేక నిన్ను కొట్టానని చెప్పాను. నీ తప్పేం లేదు, ఎప్పుడూ లేదు అన్నాను.

అది గమ్ఛా మడతపెడుతూ విన్నది. అంచులు కలిపి, చేత్తో అదిమి, ఇంకోసారి మడిచింది.

"పతా థా, పాపా" అంది.

తెలుసట. చెల్లెలు పడ్డాక తను ఐసు తీస్తూ, నేను లేచానేమో చూడమని చెల్లెల్నే పంపిందట. చిన్నది విరిగిన చెయ్యి పట్టుకొని తలుపు దాకా వచ్చి, సందులోంచి చూసి, వెనక్కి వెళ్ళి అక్క చెవిలో చెప్పిందట. నాన్న లేచే ఉన్నాడు, ఫోన్ చూసి నవ్వుతున్నాడు అని. మరి ఎందుకు పిలవలేదు అన్నాను. ఇంత తెలీదా అన్నట్టు చూసింది నన్ను.

"గమ్ఛా టంగా థా నా."

వేలాడుతోంది కదా మరి. అంతే. దానికి అందులో చెప్పవలసింది ఇంకేమీ లేదు. నేను పెట్టిన నియమంలో నిద్ర అన్న మాట లేదు, గమ్ఛా ఉన్నంతసేపు అని మాత్రమే ఉంది. నేను మెలకువగా ఉన్నానని తెలిసి కూడా నేను తీసేదాకా ఆగారు. అది తెలిసే ఆ చెంపదెబ్బ తిన్నది. తిని, అమ్మ ముందు నోరెత్తలేదు. పదేళ్ళు ఆ కథ విని నవ్వి ఊరుకుంది.

నాకు ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. అయినా తండ్రిని కదా, ఏదో ఒకటి అడగాలి. ఆ రోజు కొట్టినప్పుడు నీకు ఏడుపు రాలేదా అమ్మా అన్నాను.

మడిచిన గమ్ఛా ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తెలుగులో, వాళ్ళమ్మ తెలుగులో చెప్పింది.

"వచ్చింది నాన. మీరు ముగ్గురూ ఆస్పత్రికి ఎల్లిపోయినాక ఏడిసేను. గట్టిగానే ఏడిసేను. అప్పుడింట్లో ఎవలూ పడుకోలేదు గదా."